ఉప్పెన నుంచి గ్యాస్ బావి దాకా: దిగువ కృష్ణా డెల్టాలో భద్రతా శిక్షణ

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో పెను ప్రమాదాలకు జనాన్ని ముందుగా సిద్ధం చేసే పని ఫ్యాక్టరీల్లో మొదలు కాలేదు. ఆ పాఠం సముద్రం నేర్పింది. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో బందరు (మచిలీపట్నం)లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది బలయ్యారు. రెండోసారి తుపాను వస్తున్న సంగతి వాతావరణ శాఖకు ముందే తెలుసు, హెచ్చరికలూ వెలువడ్డాయి. కానీ ఆ హెచ్చరిక విన్నాక ఏం చేయాలో తీర గ్రామాలకు తెలియదు. తలదాచుకోవడానికి ఎత్తైన పక్కా కట్టడాలూ చాలాచోట్ల లేవు.

ఆ తర్వాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టాయి. ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించాలి, ఎవరు ఎవరికి కబురు చేయాలి అన్నది రెవెన్యూ యంత్రాంగానికి అలవాటైన పనిగా మారింది. 1990 మే 9న అంతటి తీవ్రతతోనే మరో తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. అదీ తక్కువ నష్టమేమీ కాదు. అయినా గాలినీ సముద్రాన్నీ ఆపలేకపోయినా, ఏం చేయాలో తెలిసిన మనుషులు ప్రాణనష్టాన్ని ఎంతగా తగ్గించగలరో ఆ తేడా చూపింది.

ఇదే కాలంలో డెల్టా నేల కింద సహజవాయువు బయటపడింది. 1970ల చివర్లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావితో కృష్ణా–గోదావరి బేసిన్ వెలుగులోకి వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో గుడివాడకు చేరువలోని లింగాల, కైకలూరు ప్రాంతాల్లో గ్యాస్ దొరికింది. దివిసీమలోని నాగాయలంక దాకా అన్వేషణ సాగింది. వరి చేల మధ్య, చేపల చెరువుల పక్కన రిగ్గులు లేచాయి.

గ్యాస్ బావి తవ్వేటప్పుడు అన్నిటికన్నా పెద్ద ముప్పు బ్లోఅవుట్. భూమి లోపలి పీడనాన్ని బావిలో నింపిన మడ్ (డ్రిల్లింగ్ ద్రవం) బరువు అదిమి ఉంచుతుంది. ఆ బరువు చాలకపోతే గ్యాస్ బావిలోకి చొరబడి పైకి తన్నుకొస్తుంది. దానికి ముందు గుర్తులు కనిపిస్తాయి: తిరిగివచ్చే మడ్ పరిమాణం పెరుగుతుంది, పంపు ఆపినా ప్రవాహం ఆగదు, డ్రిల్లింగ్ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఆ గుర్తులను పసిగట్టి వెంటనే బావి ముఖంలోని కవాటాల సమితి అయిన బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను మూయాలి. చర్చించుకునే వ్యవధి ఉండదు కాబట్టి చేతులకు ముందే అలవాటు కావాలి. చమురు బావులు అప్పట్లో గనుల చట్టం పరిధిలోకి వచ్చేవి. అందుకే 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు రిగ్గు కార్మికులకూ వర్తించాయి. డెహ్రాడూన్‌లోని ఓఎన్‌జీసీ డ్రిల్లింగ్ సంస్థ ఇంజినీర్లకూ డ్రిల్లర్లకూ బావి నియంత్రణ కోర్సులు నడిపింది.

ఆ అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి చూపింది. అక్కడి బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. మంటను అదుపు చేయడానికి అమెరికా నిపుణులనూ రప్పించాల్సి వచ్చింది.

చట్టం కూడా ప్రమాదాల వెనకే నడిచింది. 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమ తన ముప్పులనూ అత్యవసర ప్రణాళికనూ కార్మికులకే కాక చుట్టుపక్కల జనానికీ తెలియజేయాలన్నది అందులో కొత్త విషయం. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు, వాటి సవరణలు మరో అడుగు వేశాయి. భారీ ప్రమాదానికి ఆస్కారమున్న పరిశ్రమలు ఆరు నెలలకోసారి ఆవరణలో మాక్ డ్రిల్ జరపాలి. గోడ బయట జనం కోసం వేసిన ప్రణాళికను ఏడాదికోసారైనా ఆచరించి చూడాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలతో జిల్లాల్లో సంక్షోభ బృందాలు ఏర్పడ్డాయి.

కాగితం మీది ప్రణాళిక మనుషుల దాకా చేరకపోతే ఫలితం ఉండదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ లీకై ఊరిని కమ్మింది. ఎవరో పొయ్యి వెలిగించగానే మంటలు లేచి 20 మందికి పైగా చనిపోయారు. ఆ లైను తాటిపాక నుంచి అప్పటి కృష్ణా జిల్లాలోని కొండపల్లికి గ్యాస్ తీసుకెళ్లేది. 2020 మే 7న విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు ఫ్యాక్టరీలో సైరన్లు ఉన్నా ఎవరూ మోగించలేదు. 2022 ఏప్రిల్‌లో నూజివీడుకు చేరువలోని అక్కిరెడ్డిగూడెం రసాయన ఫ్యాక్టరీ ప్రమాదంలో ఆరుగురు మరణించారు. వారిలో నలుగురు బిహార్ నుంచి వచ్చిన కార్మికులు. శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలో సాగాలనే మాట ఇక్కడ ప్రాణాలతో ముడిపడినది.

పెద్ద ఫ్యాక్టరీలకే ఈ అవసరం పరిమితం కాదు. చేపల వ్యాపారం సాగే తీర ప్రాంతాల్లోని ఐసు ఫ్యాక్టరీలు అమోనియాతో నడుస్తాయి. అది లీకైతే ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని గాలి వీచే దారికి అడ్డంగా బయటికి నడవాలి. గాలి వెంట పరుగెత్తితే గ్యాస్ కూడా వెంటే వస్తుంది. గ్యాస్ పైపులైను దగ్గర బుసమనే శబ్దం వినిపించినా, నీటిలో బుడగలు లేచినా నిప్పు వెలిగించకూడదు, వాహనం స్టార్ట్ చేయకూడదు. దూరంగా వెళ్లాకే ఫోన్ చేయాలి. ఈ మాటలు చిన్నవే. కానీ పైపులైను పక్క రైతుకు, ఐసు ఫ్యాక్టరీ కూలీకి, బడిపిల్లలకు ఇవి ముందే తెలిసి, ఏటా ఆచరణలో ఉండాలి. తుపాను విషయంలో దిగువ డెల్టా ఇది సాధించింది. పరిశ్రమల విషయంలో అదే సాధించడానికి చట్టం దారి వేసింది. దాన్ని ఊరూరా అమలు చేయాల్సిన బాధ్యత కంపెనీలది, జిల్లా యంత్రాంగానిది.