సంఘం రేడియో

సంఘం రేడియో సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం మాచ్నూరు నుంచి పేద దళిత మహిళలు నడిపే లాభాపేక్ష లేని సామాజిక రేడియో. జహీరాబాద్ మెట్ట ప్రాంతంలో పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరిట అనుమతి పొంది, 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై మొదలైంది. ప్రారంభించిన జస్టిస్ పి.బి.సావంత్, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో సభ్యుడు. దీన్ని వానాధార పల్లెల పత్రిక అనడమే సబబు. కొర్రలు, సామలు, జొన్నలు కలిపి విత్తే పద్ధతి, విత్తనం దాచుకునే తీరు, పండగ పాట అన్నీ ఇందులో ఇంటి యాసలోనే వినిపిస్తాయి. చదువు రాకపోవడం ఇక్కడ అడ్డు కాదు. రేడియోను నడిపే జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ స్టూడియో పని నేర్చుకున్న స్థానిక మహిళలే.

సంస్థ అండ లేకుంటే ఇది నిలిచేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే యునెస్కో సాయంతో స్టూడియో ఏర్పడింది 1998లో. స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచిన విధానం వచ్చింది 2006లో. ఆ నడుమ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, ఊళ్లలోని మహిళా సంఘాల సమావేశాల్లో క్యాసెట్లు వినిపించారు. గాలిలోకి పంపే వీలు లేని రోజుల్లోనూ ఆగని పనిని అరువు ఉత్సాహం అనలేం. నగరానికి ఇది పనికిరాదన్న మాటా నిలవదు: హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం రెండూ ఇలాంటి ఒక్క చిన్న ట్రాన్స్‌మీటర్ పరిధిలో ఇమిడిపోతాయి. అసలు లోటు ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు.