పద్దు కలవని తాళపత్రాలు

కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో కలకత్తాలో చనిపోయాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారు ఊరూరా తిరిగి ఆయన కోసం పోగుచేసిన తాళపత్రాలు, కైఫియత్తులు, శాసనాల నకళ్ళు ఆ తర్వాత చెదిరిపోయాయి. కొన్ని లండన్ వెళ్ళాయి. దక్షిణాది భాషలవి చాలామటుకు మద్రాసు చేరి, ఇప్పుడు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. 1828లో విల్సన్ ఒక పట్టిక అచ్చువేశాడు. 1857-62 మధ్య టెయిలర్ ఇంకొకటి వేశాడు. అందులో లేడెన్, బ్రౌన్ సేకరణలూ కలిశాయి. ఇద్దరి వరసా వేరు.

ఇలాంటివాటిని ఫొటోలు తీసి కంప్యూటర్లో ఒకచోట చూపాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఫొటో తీయడం పెద్ద పని కాదు. దాని పక్కన రాసే వివరాలు, అంటే మెటాడేటా, దగ్గరే చిక్కంతా. బ్యాంకులో శాఖల మధ్య పద్దులు సరిచూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. మొత్తం సరిపోయినా డ్రాఫ్టు నంబరు కలవకపోతే పద్దు తేలదు.

మా తంజావూరు సంగతే చూడండి. ‘రఘునాథాభ్యుదయం’ రామభద్రాంబ రాసిన సంస్కృత కావ్యం. ‘రఘునాథనాయకాభ్యుదయము’ తెలుగు రచన, రఘునాథుడి కొడుకు విజయరాఘవ నాయకుడిది. రాసేవాడు ‘నాయక’ వదిలేసి, భాష గడి ఖాళీగా ఉంచితే రెండూ ఒకటైపోతాయి. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో మన దక్షిణాదివాళ్ళం ‘త’కీ ‘థ’కీ ఒకే రాత రాస్తాం. తమిళ లిపిలో ‘గ’కీ ‘ఘ’కీ తేడా లేదు. ఒక్కో గ్రంథాలయం ఒక్కో తీరున రాస్తే, వెతికేవాడికి సగం దొరుకుతుంది. మిగతా సగం అసలు లేదనుకుంటాడు.

1995లో అమెరికాలోని డబ్లిన్ అనే ఊళ్ళో పెద్దలు కూర్చుని మొదలుపెట్టిన ‘డబ్లిన్ కోర్’ పద్ధతిలో కర్త, పేరు, భాష, తేదీ వంటి గడులు పదిహేను. మన దేశంలో 2003లో మొదలైన జాతీయ లిఖిత ప్రతుల మిషన్ కూడా వివరాల సేకరణకు ఒకే తరహా ఫారం పెట్టింది. మంచిదే. కానీ గడి ఒకటైనంత మాత్రాన అందులో రాసే పేరు ఒకటవదు. కర్తల పేర్లకు, కృతుల పేర్లకు అందరూ ఒప్పుకున్న జాబితా ఒకటి కావాలి. విల్సన్ నంబరు, టెయిలర్ నంబరు, ఇప్పటి గ్రంథాలయం నంబరు, మూడూ పక్కపక్కనే ఉండాలి. పాత నంబరు కొట్టేసి కొత్తది వేయడం మా వృత్తిలో తప్పు.

మన రాష్ట్రాల్లో ఆ గడులు నింపే గుమాస్తాకు తెలుగు వచ్చి ఉంటుందన్న భరోసా లేదు. తెలుగు చదవగలిగినవారు ఒకరు వారానికి రెండు పూటలు ఆ బల్ల దగ్గర కూర్చుంటే చాలావరకు తేలుతుంది. మనలో రిటైరైనవారికి కొదవ లేదు. నాకింకా మూడేళ్ళుంది.