అంటు పుల్లకు మూడు వందల ఏళ్లు

1775 ఆగస్టు నుంచి ఏడాదికి పైగా నాగసాకి రేవులోని డెజిమా అనే బుల్లి దీవిలో ఒక వింత వైద్యుడు ఉండేవాడు. దీవిలోని పశువులకు ఒడ్డు నుంచి గడ్డి మోపులు వస్తే చాలు, వాటిని విప్పి ఒక్కో కాడా తీసి చూసేవాడు. ఎరగని మొక్క కనిపిస్తే పశువు నోటికి అందకముందే లాగేసి కాగితాల మధ్య ఆరబెట్టుకునేవాడు.

ఆయన పేరు కార్ల్ పీటర్ థున్‌బెర్గ్. స్వీడన్ దేశస్థుడు, వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు. ఐరోపా వాళ్లలో డచ్చివారిని తప్ప ఇంకెవర్నీ జపాన్ గడప తొక్కనివ్వని కాలం అది. అందుకే ముందు దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ కాలనీలో మూడేళ్లు మకాం పెట్టి డచ్చి భాష ఒంటబట్టించుకున్నాడు. తర్వాత డచ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా డెజిమాలో దిగాడు. దీవి దాటి ఊళ్లోకి వెళ్లాలంటే అనుమతి కావాలి, అది దొరకడం గగనం. 1776లో జపాన్‌ను ఏలే షోగన్‌కు కానుకలు సమర్పించుకోవడానికి కంపెనీ బృందం ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు బయల్దేరినప్పుడు మాత్రం దారిపొడవునా మొక్కలు చూసే అవకాశం చిక్కింది.

ఆ సేకరణంతా 1784లో ‘ఫ్లోరా జపోనికా’ అనే పుస్తకంగా వచ్చింది. అందులో ఒక చిన్న మేపుల్ చెట్టుకు ఆయన ‘ఏసర్ పాల్మేటం’ అని పేరు పెట్టాడు. ఆకు వేళ్లు చాపిన అరచెయ్యిలా ఉందని ఆ పేరు. అదే ఆకును చూసి జపాన్ వాళ్లకు అంతకు వందల ఏళ్ల ముందే మరో చెయ్యి గుర్తొచ్చింది. వాళ్ల భాషలో ‘కయెరు’ అంటే కప్ప, ‘తె’ అంటే చెయ్యి. ‘కప్ప చెయ్యి’ అన్న ఆ మాట అరిగి అరిగి ‘కయెదె’ అయింది. ఆకు ఎర్రబడ్డాక చెట్టునూ ఆ రంగునూ కలిపి ‘మొమిజి’ అంటారు. శరదృతువులో కొండలకు వెళ్లి ఆ ఎరుపును చూసి రావడం ‘మొమిజి గారి’. మాటకు మాట చెప్పాలంటే మొమిజి వేట.

కొండల్లో వేటాడిన చెట్టు పెరట్లోకి ఎలా వచ్చింది? దానికి సమాధానం ఎదో శివార్లలోని సొమేయి అనే పల్లెలో ఉంది.

గోదావరి గట్టున కడియపులంక ఎలాంటిదో ఎదో నగరానికి సొమేయి అలాంటిది. ఇంటింటికీ నర్సరీయే. ఇందుకు కారణం రాజకీయం. దేశంలోని ప్రభువులందరూ వంతులవారీగా రాజధానిలో కాపురం ఉండాలని షోగన్లు శాసించారు. 1657 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత వాళ్ల విడిది ఇళ్లు ఊరి అంచులకు పాకాయి. భవంతి ఉన్నచోట తోట ఉండాలి, తోటకు పక్కవాడి దగ్గర లేని మొక్క కావాలి. సొమేయిలో తోదో వంశపు ప్రభువుల తోటలో పని చేసిన ఒక కుటుంబం ఈ గిరాకీని అందిపుచ్చుకుంది. ఆ ఇంట తరతరాలుగా ఇంటిపెద్దకు ఇతో ఇహే అనే పేరే వచ్చేది. 1695లో ఆ ఇంటివాళ్లు ‘కడన్ చికిన్‌షో’ అనే మొక్కల పుస్తకం అచ్చు వేశారు. 1710లో తర్వాతి తరం ఇహే దాన్ని పెంచి రాసినప్పుడు మేపుల్ రకాలనే 36 వర్ణించాడు. ఎనిమిదో షోగన్ యోషిమునే స్వయంగా వచ్చి ఆ తోట చూసి వెళ్లాడు.

ఒకే జాతి చెట్టుకు అన్ని రకాలేమిటి?

మన టెంక మామిడి సంగతి తెలిసిందే. బంగినపల్లి పండు తిని టెంక పాతితే బంగినపల్లే కాస్తుందన్న భరోసా లేదు. మేపుల్ ఈ విషయంలో మామిడిని మించిపోయింది. జంట రెక్కల గింజలు గిరికీలు కొడుతూ రాలి చెట్టు కిందే వందలుగా మొలుస్తాయి. వాటిలో ఒకటి పచ్చగా, ఒకటి రాగి రంగులో, ఇంకొకటి సన్నని చీలికల ఆకుతో వస్తుంది. తల్లిని అచ్చుగుద్దినట్టు పుట్టేది అరుదు. నచ్చిన మొక్కను ఎంచుకున్నాక అది అలాగే నిలవాలంటే మంచి దారి ఒక్కటే, అంటు కట్టడం. రెండేళ్ల గింజ మొక్కను కింద ఉంచి, కావలసిన చెట్టు పుల్లను దానికి కోతకు కోత అతికించి కట్టుకట్టాలి. అంటే పేరున్న ప్రతి రకమూ మొదట దొరికిన ఆ ఒక్క చెట్టు ఒళ్లే. తరాల తోటమాలుల కత్తుల మీదుగా అది నడిచి వచ్చింది.

ఈ రకాల పేర్లు కూడా ముచ్చటగా ఉంటాయి. ముడతల ఆకులు గుత్తులుగా వచ్చేది ‘షిషిగషిర’, అంటే సింహం తల. చలికాలంలో బోసి కొమ్మలు ఎర్రగా మెరిసేది ‘సాంగోకాకు’, పగడపు మేడ. ‘ఒసకజుకి’ అంటే పెద్ద మద్యపు గిన్నె. దాని ఆకు ఎండాకాలమంతా పచ్చగా ఉండి, రాలే ముందు నిప్పురంగు తిరుగుతుంది. ‘షిగితత్సుసవ’ అన్న పేరును 12వ శతాబ్దపు సన్యాసి కవి సైగ్యో పద్యం నుంచి ఏరుకున్నారు.

1859లో యొకొహామా రేవు విదేశీ వర్తకానికి తెరుచుకుంది. మరుసటి ఏడాదే రాబర్ట్ ఫార్చ్యూన్ వచ్చి వాలాడు. చైనా నుంచి తేయాకు మొక్కలను గుట్టుగా మన హిమాలయ వాలులకు చేర్చిన ఆ స్కాట్లండ్ వాడే. సొమేయిలో నడిచి చూసి, ఇంత విస్తారమైన నర్సరీలు ప్రపంచంలో మరెక్కడా చూడలేదని తన పుస్తకంలో రాసుకున్నాడు. మేపుల్ అప్పటికే ఇంగ్లండ్ చేరింది. 1820లోనే వచ్చిందని ఉద్యాన చరిత్రలు చెబుతాయి. గ్లాస్టర్‌షైర్‌లోని వెస్టన్‌బర్ట్‌లో హోల్ఫర్డ్ కుటుంబం పెంచిన చెట్ల తోటలో నేటికీ అక్టోబరు వచ్చిందంటే మేపుళ్లు చూడటానికి జనం బారులు తీరుతారు.

1890లో మొదలైన యొకొహామా నర్సరీ కంపెనీ రంగుల కేటలాగులు అచ్చేసి, అంటు మొక్కలను ఓడల్లో అమెరికాకు, ఐరోపాకు పంపింది. సముద్రాలు దాటేసరికి పేర్లు తారుమారయ్యాయి. ఒకే చెట్టుకు నాలుగు పేర్లు, నాలుగు చెట్లకు ఒకే పేరు. జపాన్‌లోనేమో రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత రకాలు చాలా అంతరించాయి. తిండి పంటలకు నేల, పొయ్యికి కట్టె కావలసిన రోజులవి.

ఈ గందరగోళాన్ని చక్కదిద్దే పని నెత్తికెత్తుకున్నది అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, రోజ్‌బర్గ్ ఊళ్లో ఉన్న జె.డి. వర్‌ట్రీస్. చదువుకు కీటక శాస్త్రవేత్త. రకాలన్నీ తెప్పించి తన నర్సరీలో పక్కపక్కనే పెంచి పోల్చి చూశాడు. 1978లో ఆయన వెలువరించిన ‘జపనీస్ మేపుల్స్’ పుస్తకం ఇప్పటికీ పెంపకందార్లకు పెద్దబాలశిక్ష. ఇవాళ రకాలు వెయ్యి దాటాయి.

ఆ ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనే సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ చెట్టు గడపలోనే పరిచయం. అక్కడి చల్లని, తేమ గాలి దీనికి పుట్టిల్లులాంటిది. పెంచడంలో మర్మాలు కొన్నే. పొద్దుటి ఎండ మంచిది, మధ్యాహ్నపు ఎండ, పొడిగాలి తగిలితే ఆకు కొసలు మాడతాయి. వేళ్లు సన్నగా అల్లుకుని నేల పైపొరలోనే ఉంటాయి కనుక కుండీలో ఉన్న మట్టంకంటే లోతుగా పాతకూడదు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, పూర్తిగా ఎండినా ఓర్చుకోదు. చెట్టు మొదలు చుట్టూ బెరడు ముక్కలు పరిస్తే చల్లగా ఉంటుంది, అవి కాండానికి మాత్రం ఆనకూడదు.

విజయవాడలోనో వరంగల్‌లోనో పెంచితే? మే నెల ఎండ ఒక ఎత్తు, చలి చాలకపోవడం ఇంకో ఎత్తు. ఈ చెట్టు మొగ్గలు ఆకు రాల్చాక వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతేనే మళ్లీ సరిగ్గా విచ్చుకుంటాయి. ఆ నిద్ర మన మైదానాల్లో పట్టదు. ఆకు ఎర్రబడి రాలడం చూడాలంటే మన వీధి బాదం చెట్టే గతి.

చల్లని ఊళ్లలోనూ ఒక కాపలా తప్పదు. ఎన్నో ఏళ్లు ఎర్రగా ఉన్న చెట్టు పచ్చగా మారిపోయిందని కొందరు బెంగపడతారు. చెట్టు మారలేదు, అతుకు కిందున్న గింజ మొక్క చిగురు వేసింది. అది మొరటుది, జోరుగా పెరుగుతుంది. అలాగే వదిలేస్తే రెండు మూడేళ్లలో పైనున్న అంటును నీడలో ముంచేస్తుంది. అందుకే వసంతం రాగానే మోకాళ్ల మీద కూర్చుని కాండం మొదట్లో అతుకు గీత వెతికి, దాని కింద కనిపించిన ప్రతి పచ్చ చిగురునూ మొదలంటా గిల్లేస్తారు.