రాత్రి పన్నెండున్నర లేని రోజు

1942 సెప్టెంబరు 1న అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే మన దేశపు అధికారిక గడియారం ఒంటిగంటకు దూకింది. యుద్ధకాలం కనుక సర్కారు గంట ముందుకు జరిపింది, 1945 అక్టోబరులో మళ్లీ వెనక్కి తెచ్చింది. ముసునూరు మామిడి తోటల్లో కాపలా పడుకున్నవాళ్లకు ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువే. లినక్సులోని డేట్ కమాండుకు మాత్రం తెలుసు. భారత కాలమానం పెట్టి ఆ రాత్రి పన్నెండున్నర గురించి అడిగితే, అది చెల్లని తేదీ అని తిప్పికొడుతుంది.

ఇంత జ్ఞాపకం దానికి మొదట్లో లేదు. లినక్సుకు నమూనా అయిన యూనిక్స్ తన కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడుతుంది. వాటిని స్థానిక సమయంగా మార్చే అమెరికా నియమాలను తొలినాళ్లలో ప్రోగ్రాములోనే రాసేశారు. అక్కడ ఏటా వేసవికి జరిపే గడియారాలను చమురు కొరత వల్ల 1974లో జనవరిలోనే జరిపితే, ఆ ఏడాదికీ మరుసటి ఏడాదికీ ప్రోగ్రాములో విడిగా అంకెలు చేర్చాల్సి వచ్చింది. చట్టం మారినప్పుడల్లా ప్రోగ్రాము తిరగరాస్తూ ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

1980ల నడుమ ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ఆ నియమాలను ప్రోగ్రాములోంచి తీసి విడి ఫైళ్లలో పెట్టాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. ఆ తర్వాత పాల్ ఎగర్ట్ తదితరులు ఊళ్ల పేర్ల కింద పాత చరిత్రనూ చేర్చుకుంటూ వచ్చారు. మన 1942 అలాగే ‘ఆసియా/కోల్‌కతా’ పద్దులోకి చేరింది. ‘నిన్న’, ‘మూడు రోజుల కిందట’ లాంటి మాటలను ఆంగ్లంలో రాస్తే అర్థం చేసుకునే భాగానికి తొలిరూపం స్టీవెన్ బెలోవిన్‌ది.

అయినా ఒక చిక్కు మిగిలింది. మామిడి పిందె కట్టిన నాటి నుంచి కోతకు రోజులు లెక్కగట్టే చిన్న షెల్ స్క్రిప్టు ఒక రైతు దగ్గర ఉందనుకోండి. 2024 మార్చి 1కీ ఏప్రిల్ 1కీ సెకన్ల లెక్కను డేట్‌ను అడిగి, వాటి తేడాను రోజులోని 86,400 సెకన్లతో భాగిస్తే ముసునూరులో 31 వస్తుంది. అదే స్క్రిప్టును డాలస్‌లో ఉన్న ఆయన కొడుకు తన కంప్యూటర్లో నడిపితే 30 వస్తుంది! అక్కడ వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరిపారు కనుక మార్చి 10కి 23 గంటలే. ఆ గంట తగ్గేసరికి, శేషాన్ని వదిలేసే షెల్ భాగహారంలో ఒక రోజంతా పోతుంది.

అందుకే రోజులు లెక్కపెట్టేటప్పుడు రెండు తేదీలనూ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలోనే చదవమని డేట్‌కు ‘-యు’ ఇవ్వాలి. యూటీసీలో గడియారాన్ని గంట జరపడం ఉండదు కనుక రెండు ఊళ్లలోనూ 31 వస్తుంది.