కలెక్టరు కాయను కలెక్టరు ఆపిన వేళ: సరిహద్దు వ్యాపార తగాదాలు, మన తాలూకాలు

2025 జూన్ 7న చిత్తూరు జిల్లా కలెక్టరు ఒక ఉత్తర్వు జారీ చేశారు. ఇతర రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదన్నది దాని సారాంశం. రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగ్ శాఖల సిబ్బందిని కలిపి సరిహద్దు చెక్‌పోస్టుల్లో పెట్టారు. కాయ కోతకు వచ్చిన రోజులవి. దెబ్బ ముందుగా తగిలింది కోలారు జిల్లా శ్రీనివాసపురానికి. చింతామణికి అది పక్క తాలూకానే. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడేవరకు మనమూ కోలారు జిల్లాలోనే ఉండేవాళ్లం.

అప్పటి నుంచి మా సంఘాన్ని చాలామంది అడుగుతున్నారు: ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రం సరుకును ఇలా ఆపవచ్చా, తప్పు ఎవరిది, మనం ఎవరివైపు మాట్లాడాలి అని. అందుకే తెలిసిన వివరాలు ఒకచోట పెడుతున్నాం.

తోతాపురి ముఖ్యంగా గుజ్జుకు పోయే కాయ. గుజ్జు తీసే ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్నది చిత్తూరు వైపు, తోటలు ఉన్నది సరిహద్దుకు రెండు పక్కలా. మన వైపు కాయ అటు పోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. ఈ కాయకు బెంగళూరా అని, కలెక్టరు అని కూడా పేర్లున్నాయి. కలెక్టరు కాయను కలెక్టరే ఆపారని మండీల్లో నవ్వుకున్నవాళ్లున్నారు గానీ, తోట మీద అప్పు ఉన్నవాడికి ఆ నవ్వు రాలేదు.

చిత్తూరు రైతు మాట కూడా వినాలి. ఆ ఏడాది కాయ విపరీతంగా దిగింది, ధర పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. పక్క రాష్ట్రం నుంచి అంతకంటే చౌకగా కాయ వస్తూంటే ఫ్యాక్టరీ 8 రూపాయలు పెట్టి స్థానిక కాయ ఎందుకు కొంటుంది? కాబట్టి ధర నిలబెట్టాలంటే గేటు మూయాలి అనుకున్నారు. లెక్క ప్రకారం అందులో తర్కం ఉంది. కానీ ఆ గేటుకు ఇవతల ఉన్నవాడూ అదే కాయ పండించిన రైతే, అదే ఏడాది నష్టపోయినవాడే. పైగా అవతలి 4 రూపాయల సాయం ఇతనికి రాదు.

జూన్ 11న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ రాశారు. నిషేధం తొలగించమని కోరుతూ, ఇక్కడివాళ్లు ప్రతిగా కూరగాయలు, ఇతర పంటల రవాణాను అడ్డుకునే ప్రమాదం ఉందని కూడా అందులో ప్రస్తావించారు. మమ్మల్ని కలవరపెట్టింది ఈ వాక్యమే. చింతామణి టమాటా, మదనపల్లె టమాటా ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరిగే సరుకు. బాగేపల్లి దాటితే కొడికొండ చెక్‌పోస్టు. ఒక పంటతో మొదలైన అడ్డు ఇంకో పంటకు పాకితే ఆగేది రోజూ తిరిగే బండ్లే.

తరువాత కేంద్రం కలగజేసుకుంది. మార్కెట్ జోక్య పథకం కింద కర్ణాటకకు 2.5 లక్షల టన్నుల వరకు క్వింటాలుకు 1,616 రూపాయల లెక్కన, ఆంధ్రప్రదేశ్‌కు 1,62,500 టన్నుల వరకు 1,490.73 రూపాయల లెక్కన ఆమోదం ఇచ్చింది. బజారు ధరకు, ఈ ధరకు మధ్య తేడాను రైతుకు చెల్లించే పద్ధతి ఇది. ఖర్చు కేంద్రానికి, రాష్ట్రానికి చెరిసగం. చివరికి చేసిన ఈ పనే మే నెలలో చేసి ఉంటే చెక్‌పోస్టులో నాలుగు శాఖలను నిలబెట్టే అవసరం ఉండేది కాదని మా అభిప్రాయం.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగం 301వ అధికరణం ప్రకారం దేశమంతటా వర్తక వాణిజ్యాలు, సరుకు రాకపోకలు స్వేచ్ఛగా సాగాలి. 304(బి) ప్రకారం ప్రజాప్రయోజనం కోసం రాష్ట్ర శాసనసభ సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు. అయితే అలాంటి బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు మంజూరు కావాలి. జిల్లా ఉత్తర్వు శాసనం కాదు. ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసినవాళ్లం కనుక ఈ తేడా మాకు పెద్దదిగానే కనబడుతుంది. ఎక్కడైనా బండి ఆపితే కేకలు వేయకుండా, ఏ ఉత్తర్వు, ఏ తేదీ అని అడిగి నంబరు రాసుకోండి.

మనవాళ్ల ఇబ్బంది ఇంకొకటుంది. ఇంట్లో తెలుగు, పహణీలో కన్నడ, వియ్యంకుడు హిందూపురంలోనో పుంగనూరులోనో. చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట గొడవలప్పుడూ ఇదే అయింది: ఇక్కడ మనల్ని ఆంధ్రావాళ్లన్నారు, అక్కడ కర్ణాటకవాళ్లన్నారు. మామిడి విషయంలో మేం కర్ణాటక రైతులుగానే మాట్లాడుతున్నాం, తెలుగులో మాట్లాడుతున్నాం. రెండింటికీ పొంతన కుదరదనేవాళ్లు బాగేపల్లి సంతకు ఒకసారి రావాలి.

దేశాల మధ్యా కథ ఇంతే. 1989లో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు ముగిశాక నేపాల్‌తో ఉన్న 15 సరిహద్దు మార్గాల్లో 13 మూతబడ్డాయి. ఆ చేదు అక్కడ చాలాకాలం ఉండిపోయింది. మనకు ఇంకా దగ్గరిది ఉల్లి. 2019 సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. కొద్ది రోజులకే ఢిల్లీకి వచ్చిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ముందే ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని, ఉల్లి లేకుండా వండమని వంటమనిషికి చెప్పానని సభలోనే అన్నారు. 2020 సెప్టెంబరు 14న మళ్లీ అదే జరిగింది. బంగ్లాదేశ్ ఈజిప్టు, తుర్కియే, మయన్మార్ ఉల్లి వైపు చూడడం నేర్చుకుంది. పోయిన గిరాకీ తిరిగి రావడానికి ఏళ్లు పడుతుందని మండీలో ఎవరినడిగినా చెబుతారు.

ఆ నిషేధాల్లో మన బెంగళూరు రోజ్ ఉల్లి కూడా ఇరుక్కుంది. చిక్కబళ్లాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణ ప్రాంతాల్లో పండే ఈ చిన్న ఎర్ర ఉల్లికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటు ఎక్కువ కనుక ఇక్కడ వాడకం తక్కువ, పంట దాదాపుగా మలేషియా, సింగపూర్, ఇండోనేషియాలకే. ఢిల్లీలో పెద్ద ఉల్లి ధర తగ్గించడానికి ఎవరూ తినని చిన్న ఉల్లిని ఆపడం ఏం న్యాయమని రైతులు మొత్తుకుంటే, 2019 అక్టోబరు 28న 9,000 టన్నులకు చెన్నై రేవు నుంచి అనుమతి ఇచ్చారు. 2020 అక్టోబరులో దీనికి 10,000 టన్నులు, కడప జిల్లా కృష్ణాపురం ఉల్లికి 10,000 టన్నులు ఒకే ఉత్తర్వులో ఇచ్చారు. ఆ ఒక్కసారి మాత్రం సరిహద్దుకు రెండు వైపుల రైతులూ ఒకే కాగితం మీద ఉన్నారు. 2023లో 40 శాతం ఎగుమతి సుంకం పడినప్పుడు కూడా, కర్ణాటక ఉద్యాన కమిషనరు ధ్రువపత్రం ఉంటే రోజ్ ఉల్లికి మినహాయింపు దొరికింది. ఉల్లి మీద సుంకం 2025 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా తీసేశారు.

మామిడి రైతులకు ఒక సూచన. ధర తేడా సొమ్ము వంటి సాయాలకు కర్ణాటకలో ఫ్రూట్స్ నంబరు, బెళె సమీక్షలో పంట నమోదు చూస్తారు. తోట గుత్తకిచ్చినవాళ్లు ముఖ్యంగా, సర్వే నంబరు ఎదుట మామిడి అని పడిందో లేదో కోతకు ముందే రైతు సంపర్క కేంద్రంలో చూసుకోండి. కన్నడ దరఖాస్తు నింపడం కష్టమైతే మా సంఘానికి రండి.