బోధకునికి ముందు విద్యార్థి: శ్రీకాకుళము ప్రాంత చరిత్ర నుండి ఒక పాఠము

ఉపోద్ఘాతము

ఇథియోపియా వంటి దేశముల విశ్వవిద్యాలయాలలో ఇంగ్లీషు బోధించుటకు మన రాష్ట్రము నుండి అనేకులు వెళ్ళారు. అటువంటి దంపతులు ప్రయాణానికి ముందు కాపరి యొద్దకు వస్తే వీసా కొరకు, క్షేమము కొరకు ప్రార్థించి పంపుతాము. వారు ఏ విధముగా సిద్ధపడవలెనో చెప్పేవారు తక్కువ. ఆ ప్రశ్నకు మన ప్రాంత చరిత్రలోనే జవాబు ఉన్నదని మేము తలంచుచున్నాము.

1. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు

హన్నా మరియా నోరిస్ కెనడాలోని నోవాస్కోషియా వాసి. బర్మాకు వెళ్ళుటకు మిషను బోర్డు వద్ద ధనము లేకపోగా, 1870లో ఆమె ఊరూరా తిరిగి స్త్రీల సహాయ సంఘములను స్థాపించి, ఆ సంవత్సరమే ఓడ ఎక్కారు. 1873లో బయలుదేరిన మిషనరీలలో ఒకరైన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌తో 1874లో ఆమె వివాహము జరిగినది. సయాములోని కరేను ప్రజల మధ్య సేవ చేయుట వారి ఉద్దేశము. అక్కడ కరేనులు కొద్దిమందే ఉన్నారని తెలిసి, 1875లో మిషను వారిని తెలుగు దేశమునకు మార్చినది. దంపతులిద్దరూ మరల అక్షరాల నుండి మొదలుపెట్టారు. ఆనాడు చికాకోల్ అని పిలువబడిన శ్రీకాకుళము వారి పరిచర్య స్థలమైనది.

అంతటితో కథ ముగియలేదు. గంజాము, విశాఖపట్నము జిల్లాల కూలీలు వేలాదిగా రంగూనుకు వలస పోవుచున్న కాలమది. 1880ల దశకములో ఈ దంపతులు తిరిగి బర్మాకు వెళ్ళి, అక్కడి తెలుగు, తమిళ ప్రజల మధ్య పనిచేశారు. శ్రీకాకుళములో నేర్చిన తెలుగు సముద్రము దాటి ఉపయోగపడినది.

2. పాతపట్నము పొరుగున

పాతపట్నమునకు ఆనుకొనియున్న పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరినది. అక్కడి పాఠశాలలో 1880లో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, సవరల పిల్లలకు బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణము, తరువాత నిఘంటువు వెలువడినవి. ఆయన మిషనరీ కాదు. అయినను బోధకుడు మొదట విద్యార్థి కావలెనని ఆయన జీవితము చూపుచున్నది.

3. నేటి దంపతులకు

ఇథియోపియాలో ప్రాథమిక విద్య మాతృభాషలలో, విశ్వవిద్యాలయ విద్య ఇంగ్లీషులో జరుగును. తెలుగు మీడియములో చదివి కాలేజీలో తడబడిన మన పిల్లల కష్టమే అక్కడి విద్యార్థిది. ఆ కష్టము ఎరిగినవారే వానికి సహాయపడగలరు. అమ్హారిక్ లిపిలో 33 మూలాక్షరాలు, ఒక్కొక్కదానికి 7 రూపములు. గుణింతము దిద్దిన మనకు ఇది కొత్త విషయము కాదు. బయలుదేరక ముందే ఆరంభింపవచ్చును.

రెండవది, నియామక పత్రము ఒక్కరి పేరున ఉండి, భార్య కేవలము తోడుగా వెళ్ళుట తరచుగా చూచుచున్నాము. హన్నా అటువంటి తోడు కాదు. భర్తకంటే ముందే బర్మా చేరిన సేవకురాలు. అకుల ప్రిస్కిల్లలు కూడ డేరాలు కుట్టినప్పుడును, అపొల్లోకు బోధించినప్పుడును కలిసియే పనిచేశారు. కనుక ఇద్దరూ భాష నేర్చుకొనవలెను, ఇద్దరికీ పని ఉండవలెను.

ముగింపు

కరేనుల కొరకు సిద్ధపడినవారిని తెలుగువారు పొందారు. తెలుగు నేర్చినవారిని బర్మాలోని వలస కూలీలు పొందారు. వెళ్ళే స్థలము మారవచ్చును, ఉద్యోగము రెండేళ్ళకే ముగియవచ్చును. నేర్చుకొను అలవాటు మాత్రము ఎక్కడికైనను వెంట వచ్చును. మన యొద్దకు వచ్చు దంపతులను ప్రార్థనతో పాటు ఒక ప్రశ్న కూడ అడుగుదము: అక్కడివారి భాషలో ఇప్పటికి ఎన్ని మాటలు నేర్చుకొన్నారు?