గట్టు వేస్తే తూము వదలాలి

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్ల కూడళ్లలో కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. పొలానికి నీళ్లు తెచ్చిన మనిషిని నూట డెబ్బై ఏళ్లయినా ఈ నేల మరచిపోలేదు. పొలంలో మిగిలిన నీళ్లు బయటికి పోయేందుకు దారి తవ్వినవాళ్లకు మాత్రం ఎక్కడా విగ్రహం లేదు. ఏలూరు శివార్లలో లేచే అపార్టుమెంట్లకు వాననీటి కాలువల ప్లాన్లు గీయడం నా వృత్తి. అందుకే ఆ రెండో పని చరిత్ర నాకు చాలా ముఖ్యం. ఆ చరిత్ర తెలియకుండా ఏలూరులోగానీ తాడేపల్లిగూడెంలోగానీ పునాది తీయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు నేల వాలు చూడాలి. ఉత్తరాన చింతలపూడి, ద్వారకా తిరుమల వైపు ఎర్రమట్టి మెట్ట. దక్షిణాన కొల్లేరు. కృష్ణా ఒకవైపు, గోదావరి మరోవైపు వేల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ పోతే, రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే ఆ సరస్సు. మైలవరం కొండల నుంచి బుడమేరు, మెట్ట నుంచి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ అక్కడికే దిగుతాయి. తమ్మిలేరు ఏలూరుకు ఎగువన రెండు పాయలై, ఊరికి చెరోపక్కగా పారి కొల్లేరు చేరుతుంది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ దిగి యనమదుర్రు డ్రెయినుగా భీమవరం మీదుగా సాగుతుంది. కొల్లేరుకు చేరిన నీటికి సముద్రానికి ఒకటే దారి, ఉప్పుటేరు. దాని పొడవు అరవై కిలోమీటర్ల పైమాటే, వాలు మాత్రం అతి తక్కువ. సముద్రం పోటు మీదుంటే ఆ ఏరు నీటిని దించుకోలేదు.

అంటే ఇక్కడ నీటి నడక ఉత్తరం నుంచి దక్షిణానికి. పాతవాళ్లు దీన్ని ఎరిగే ఊళ్లు కట్టుకున్నారు. శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన వేంగి, నేటి పెదవేగి, ఏలూరుకు ఉత్తరాన మెరక మీద ఉంది. సరస్సు నడుమ కొల్లేటికోట, గుడివాకలంక వంటి ఊళ్లు దిబ్బల మీద నిలిచాయి. వడ్డీలు దోనెల మీద తిరుగుతూ, మావులు పెట్టి చేపలు పట్టుకున్నారు. ఎండాకాలం నీరు తగ్గినకొద్దీ బయటపడిన నేలలో దాళ్వా నాట్లు వేసుకున్నారు. నీరు వచ్చినప్పుడు చోటిచ్చి, తగ్గినప్పుడు దిగి సేద్యం చేసుకున్నారు.

తరువాతి కథంతా ఈ నడకకు అడ్డంగా లేచిన గట్ల కథ. కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. విజ్జేశ్వరం వైపు నుంచి గోదావరి కాలువ, బెజవాడ నుంచి కృష్ణా కాలువ వచ్చి ఏలూరులో కలిశాయి. రెండు నదుల నీటి మీద పడవలు సరుకు మోశాయి. తూర్పు పడమరలుగా పోయే ఆ కాలువకు మెట్ట నుంచి దిగే ప్రతి వాగూ ఎదురే. అందుకని ఆనాటి ఇంజనీర్లు వాగు తగిలిన చోట ఆగి, దానికి దారి ఆలోచించారు. తాడేపల్లిగూడెం దగ్గర నందమూరు అక్విడక్టు అందుకు సాక్షి. పైన కాలువ, కింద ఎర్రకాలువ, దేని దారి దానిదే.

కాలువల ఎంపికలో మరో తెలివి ఉంది. డెల్టాలో నేల చదునుగా కనిపిస్తుందిగానీ మెరకలూ పల్లాలూ వరసగా ఉంటాయి. పంట కాలువను మెరక వెంట నడిపితే రెండు పక్కలకీ నీరు దానంతటదే పారుతుంది. మిగులు నీరు పల్లంలోని మురుగు కోడులోకి జారుతుంది. అంటే పంట కాలువకు మెరక, మురుగు కోడుకు పల్లం. ఈ పద్ధతిలో పల్లం పనికిరాని నేల అనుకోవడానికి వీల్లేదు. సగం వ్యవస్థ అదే. అయినా శ్రద్ధా డబ్బూ పంట కాలువకే దక్కాయి. కోడులో పూడిక పేరుకుంది, అంచుల్లో సాగు మొదలైంది.

తరువాత రైలు వచ్చింది. 1893లో బెజవాడ నుంచి రాజమండ్రి వైపు వేసిన లైను ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోతుంది. అదీ తూర్పు పడమరల గట్టే. మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్దరోడ్డు మరో గట్టు. మన కాలంలో పోలవరం కుడి కాలువ ఇంకొకటి. మెట్టలో కురిసిన వాన కొల్లేరు చేరాలంటే ఇప్పుడు ఈ గట్లన్నిటి కింద నుంచీ దూరి రావాలి. ఖానా చిన్నదైనా, దాని నోట్లో చెత్త అడ్డుపడినా ఎగువ ఊరు మునుగుతుంది. ఎర్రకాలువ పొంగినప్పుడల్లా తాడేపల్లిగూడెం, నిడదవోలు మండలాల రైతులు వరి దుబ్బులు కుళ్లిపోతుంటే చూస్తూ నిలబడేది ఇందుకే.

మురుగు దారిని పట్టించుకోకపోతే ఎంత నష్టమో ప్రభుత్వం గట్టిగా తెలుసుకున్నది 1964 వరదల తరువాత. అప్పుడు ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘం వేసి రెండు డెల్టాల డ్రెయిన్లనూ పరిశీలింపజేశారు. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతానికి డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. నీరు పెట్టినందుకు శిస్తు కట్టడం రైతుకు తరాలుగా తెలుసు. నీరు తీసేందుకు కూడా ఖర్చవుతుందని, అది అందరూ కలిసి భరించాల్సిన ఖర్చని ఒక చట్టం చెప్పడం పెద్ద మలుపు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నూటపదహారేళ్లకు వచ్చిన మలుపు అది. నేలలో కొంత సముద్రమట్టం కన్నా పల్లంలో ఉన్న నెదర్లాండ్స్ ప్రజలు పదమూడో శతాబ్దం నుంచీ నీటి సంఘాలు పెట్టుకుని, పన్ను కట్టి, గట్లనూ కాలువలనూ తామే కాపాడుకుంటున్నారు. మనకూ 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. పంట కాలువ మీద వాటికున్న ధ్యాస మురుగు కోడు మీద కూడా ఉంటే ఈ డెల్టా తలరాతే మారేది.

ఇక కొల్లేరు. వరద నిండుగా ఉన్నప్పుడు, పది అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు గీత) దాకా, ఈ సరస్సు సుమారు 900 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగుల కాంటూరు దగ్గర 308. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మన ప్రాంతాన్ని కాపాడే ఖాళీ. ఉప్పుటేరు మోయలేని వరదను ఆ ఖాళీ కొన్నాళ్లు పట్టి ఉంచి, నెమ్మదిగా వదులుతుంది. 1970ల నుంచి సరస్సు లోపల చేపల చెరువుల గట్లు లేచాయి. మొదట సహకార సంఘాల పేరుతో, తరువాత పెట్టుబడిదారుల డబ్బుతో. పేరుకు చెరువులే, వరద నీటికి మాత్రం అవి గోడలు. వాటి వల్ల సరస్సు పట్టే నీరు తగ్గింది, నీరు ఉప్పుటేరు దాకా నడిచే దారులు ఇరుకయ్యాయి. 1999లో అయిదు అడుగుల కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువుల గట్లను పెద్దఎత్తున కొట్టేశారు. లంక గ్రామాల పేదల బతుకుతెరువు కూడా ఆ గట్లతో పోయింది. వాళ్లకు సరైన దారి చూపకుండా ఏ కాంటూరు గీసినా అది నిలవదు. తరువాత మళ్లీ చెరువులు లేచాయి, కాంటూరు తగ్గించాలన్న వాదనా సాగుతూనే ఉంది. సరస్సు మీదుగా ఏలూరు, కైకలూరుల మధ్య వేసిన రోడ్డూ గట్టే. పెదయడ్లగాడి దగ్గర ఖానాల్లో గుర్రపు డెక్క అడ్డం పడితే లంకల్లో నీరు నిలిచిపోతుంది.

2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరు కాలనీల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి, వరద పాతదారినే వెతుక్కుంటూ విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. సైన్యం వచ్చి గండ్లు పూడ్చడంలో సాయం చేయాల్సివచ్చింది. ఆ నీరే కిందికి దిగి కొల్లేటి లంకలను చుట్టుముట్టింది. పేపర్లు దీన్ని వాన బీభత్సమని రాశాయి. వాన పెద్దదే. కానీ ఆ వరద నడిచిన ప్రతి అడుగూ ఇళ్లు కట్టకముందు నుంచీ నేల మీద ఉన్నదే.

నా బల్ల మీదున్న ప్లానుకు వస్తాను. ఏలూరు శివారులో అయిదెకరాల వరిచేను. అక్కడ అపార్టుమెంట్లు లేస్తాయి. ఒక్కరోజులో పది సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ స్థలం మీద పడేది 20 లక్షల లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందలు. ఇంతకాలం ఆ నీటిని జానెడు వరిగట్టు పట్టి ఉంచి, రోజుల తరబడి బోదెలోకి కొంచెం కొంచెంగా వదిలింది. ఇప్పుడు దాని చోట శ్లాబు, సిమెంటు రోడ్డు, టైల్సు వస్తాయి. అదే నీరు దాదాపు అంతా ఒక పూటలో పక్కకు పోతుంది. పైగా స్థలాన్ని రోడ్డు కన్నా ఎత్తుకు మెరక చేస్తారు, చుట్టూ ప్రహరీ కడతారు. కాలువ, రైలుకట్ట, రోడ్డు తరువాత వరసలో చేరే కొత్త గట్టు అది.

అందుకే పని మొదలు పెట్టేముందు గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (పొలాల సర్వే కొలతల పుస్తకం) తెప్పించుకుంటాను. వాగు పోరంబోకు, డ్రెయిను పోరంబోకు ఎటుపోతున్నాయో వాటిలో ఉంటుంది. ఆ తరువాత పక్క చేలలో వాళ్లను అడుగుతాను. ఈ స్థలం దగ్గర అడిగితే గట్టు మీదున్న ఒక పెద్దాయన తూర్పు మూల చూపించాడు. “అమ్మా, ఆ తుమ్మచెట్టు పక్కన బోదె ఉండేది. అటు మట్టి పొయ్యద్దని మీవాళ్లకి చెప్పు. పోస్తే నా చేను పోద్ది, ఆ తర్వాత మీ సెల్లారూ పోద్ది.”

“పూడ్చనివ్వను బాబాయి గారూ, దాన్నే మా కాలువ చేస్తాను” అన్నాను. లెవెల్సు తీస్తే స్థలంలో అన్నిటికన్నా పల్లం ఆయన చూపిన మూలే. ప్లాను అక్కడి నుంచే మొదలైంది.

ఆ మూల ఇరవై మీటర్లు వెడల్పు, పాతిక మీటర్లు పొడవు, రెండు మీటర్లు లోతు నీటిగుంట పెట్టాను. స్థలంలో అది నలభయ్యో వంతే, ఆపేది మాత్రం పది లక్షల లీటర్లు, ఆ రోజు వానలో సగం. కొల్లేటి అంచున భూగర్భజలం పైపైనే ఉంటుంది. నల్లరేగడి తడిసిందంటే నీరు ఇంకనివ్వదు. ఇంకుడు గుంత మీద భరోసా పెట్టుకుంటే ఇక్కడ పనికాదు, నీటిని ఆపి నెమ్మదిగా వదలడమే మార్గం. గుంట నుంచి చిన్న తూముతో పాత బోదెలోకి, అక్కడి నుంచి డ్రెయినులోకి. డ్రెయిను నిండినప్పుడు ఎదురునీరు లోపలికి రాకుండా తూముకు ఒకవైపే తెరుచుకునే తలుపు. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనలు పది మీటర్ల కన్నా వెడల్పున్న కాలువకూ వాగుకూ తొమ్మిది మీటర్లు వదలమంటాయి. ఆ తొమ్మిది మీటర్లు రేపు పూడిక తీసే యంత్రం దిగే దారి కూడా. అక్కడ జనరేటరు గది కట్టనివ్వకూడదు.

మట్టి కొట్టుకుపోవడం సంగతీ ఇంత ముఖ్యమే. మెరక చేయడానికి మెట్ట నుంచి టిప్పర్లలో ఎర్ర గ్రావెలు వస్తుంది. వదులుగా పోసిన ఆ మట్టి మొదటి పెద్దవానకే జారి డ్రెయినులో కూర్చుంటుంది, అక్కడి నుంచి కొల్లేరులో. కాబట్టి మట్టి పని వేసవిలోనే ముగించి, తొలకరికి ముందే వాలుకు గడ్డి పట్టించాలి. నీరు దిగే అంచున వట్టివేరు వరసగా నాటాలి, తూము దగ్గర రాతి రివెట్‌మెంటు కట్టాలి. కట్టడం జరుగుతున్నంతకాలం బయటికి పోయే నీరు మట్టి దిగే గుంట దాటాకే బోదెలోకి పోవాలి. ఇవన్నీ కలిపినా కట్టడం ఖర్చులో చిన్నభాగమే. ఇవి మానేస్తే పడే ఖర్చు బిల్డరు పుస్తకంలోకి ఎక్కదు. మునిగిన చేనుదీ, పూడిన కోడుదీ, లంకలోని ఇంటిదీ ఆ ఖర్చు.

ఫ్లాటు కొనడానికి వచ్చేవాళ్లు లిఫ్టు ఏ కంపెనీదో అడుగుతారు, వాస్తు అడుగుతారు. నేను కోరేది ఇంకొక్క ప్రశ్న. ఇక్కడ పడిన వాన ఏ తూములోంచి ఏ కోడులోకి పోతుంది, ఆ కోడు పూడిక ఎవరు తీస్తారు? దానికి జవాబు కాగితం మీద, నక్షాతో సహా చూపించమనండి. నివాసుల సంఘం ఏర్పడగానే ఏటా వైశాఖంలో తూము, గుంట, బోదె శుభ్రం చేయించే పద్దును నిర్వహణ ఖర్చులో మొదటి వరసలో రాయండి. 1968లో రైతులు ఎకరానికింత అని మోసిన బాధ్యతలో మన వాటా అది. ఈ నేల మీద గట్టు కట్టే హక్కు అందరికీ ఉంది. దాని కింద దారి వదలడం ఆ హక్కుకు మనం చెల్లించాల్సిన మూల్యం.